మూడు పరీక్షలూ ఒక స్విచ్చూ

అతన్ని అందరూ నిదానం అని పిలుస్తారు. లిఫ్టు మెకానిక్కుల్లో అంతటి జాగ్రత్తపరుడు మరొకడు లేడని పేరు. ఇంటికి తాళం వేస్తాడు, పడిందో లేదోనని తీసి చూస్తాడు, మళ్లీ వేస్తాడు. గ్యాసు కట్టేస్తాడు, కట్టేశానా అని ఒకసారి తిప్పి చూసి, మళ్లీ కట్టేస్తాడు. "నిన్ను కట్టుకునే ముందు నేను కూడా ఇంత చూసుకోవాల్సింది" అంటుంది భార్య.

పనిలో అతని జోడీ సొంత బావే, అక్క మొగుడు. ఒకరు లిఫ్టు కేబిన్ నెత్తికెక్కుతారు. ఇంకొకరు భవనం పైన మిషన్ గదిలో మెయిన్ స్విచ్ దగ్గర నిలబడతారు. కేబిన్ మీదివాడు "ఆపావా?" అని కేకేస్తాడు. గదిలోవాడు స్విచ్ దించి "ఆపాను" అంటాడు. ఆ మాట వినబడ్డాకే తాడు మీద చెయ్యి వెయ్యాలి.

మూడు వారాల కింద బావ "ఆపావా?" అన్నాడు. నిదానం స్విచ్ దించి "ఆపాను" అన్నాడు. ఆ తర్వాత, నిజంగా ఆగిందో లేదోనని, స్విచ్ ఒక్కసారి పైకెత్తి మళ్లీ దించాడు.

కింద ఎవరో బటన్ నొక్కి ఉన్నారు. కేబిన్ జానెడు కదిలి ఆగింది. సరిగ్గా ఆ క్షణాన బావ తాడుకూ కప్పీకీ మధ్య నుంచి చెయ్యి తీసి ముఖం తుడుచుకుంటున్నాడు. చెమట పట్టబట్టి చెయ్యి మిగిలింది.

"ఏంట్రా, కదిలింది?" అని కేక.

"తాడు సర్దుకున్నట్టుంది బావా."

ఆ అబద్ధం ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియదు. బావ "ఊఁ" అని పనిలో పడ్డాడు. మిషన్ గదిలో నిదానానికి పై ప్రాణాలు పైనే పోయాయి. గోడకు చేరగిలబడి, చాలాసేపు తన కుడిచేతిని చూసుకుంటూ ఉండిపోయాడు.

ఆ రోజు నుంచి ముద్ద దిగడం లేదు. అక్క ఇంటికి వెళ్తే ఆవిడ, "నువ్వు పక్కనుంటావనే నాకు ధైర్యంరా" అంది. ఆ మాటకు అతనికి పొలమారింది. చెబుదామంటే నోరు రాదు. ఊరుకుందామంటే తెల్లారితే మళ్లీ ఆ స్విచ్ దగ్గరే నిలబడాలి. మళ్లీ అదే పని చేస్తాడా? బావ చెయ్యి పోతుందా, బావే పోతాడా? అసలు తనెలాంటి మనిషి?

అది తెలుసుకోవడానికి మహానుభావుడు ఫోనులో పరీక్షల మీద పడ్డాడు. బావను అడిగితే అరనిమిషంలో తేలే సంగతి, కానీ అడగడానికి ధైర్యం కావాలిగా!

మొదటి పరీక్ష మనుషుల్ని నాలుగు రంగులుగా విడదీస్తుంది. అతను నీలం అని తేలింది. అన్నీ సరిచూసుకుని, ఆచితూచి అడుగేసే రకమట. ప్రాణం కాస్త కుదుటపడింది. కానీ ఒక్కదాన్ని నమ్మితే అతను నిదానం ఎలా అవుతాడు? రెండోదానికి వెళ్లాడు. అందులో పదహారు రకాల మనుషులు, ఒక్కొక్కరికి నాలుగక్షరాల పేరు. ఒప్పుకున్న పనిని పదిసార్లు చూసుకుని గానీ వదలడని చెప్పింది అది. మూడోది మనుషులకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలిస్తుంది. అతనికి ఆరొచ్చింది. ఈ మనిషిని నడిపేది భయం, భయం పెరిగిన కొద్దీ మళ్లీ మళ్లీ సరిచూసుకుంటాడు అని రాసుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటినీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని, మూడూ ఒప్పుకున్న చోట గీత గీశాడు. ఒప్పుకున్నది ఒక్కటే. సరిచూసుకోవడం.

అది చదివాక అతనికి అసలు సంగతి అర్థమైంది. తప్పు అజాగ్రత్త వల్ల జరగలేదు. జాగ్రత్తే చేసింది. అజాగ్రత్త అయితే ఇకమీదట జాగ్రత్తగా ఉంటే సరిపోయేది. జాగ్రత్తకు మందేముంది? పైగా ఇప్పుడు భయం రెట్టింపయింది. అంటే చెయ్యి స్విచ్ మీదికి ఇంకా ఎక్కువసార్లు వెళ్తుంది. మొన్నటి తనకంటే ఇవాళ్టి తనే బావకు ఎక్కువ ప్రమాదం.

సోమవారం పొద్దున "ఆపాను" అని చెప్పాక, నిదానం ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని నిలబడ్డాడు. కింద బావ బోల్టు బిగిస్తున్న చప్పుడు. ఆగిందా? ఆగింది. నిజంగా ఆగిందా? ఒక్కసారి చూస్తే ఏం? కుడిచెయ్యి తనది కానట్టు లాగుతోంది. ఆ బోల్టు బిగించడం అయ్యేలోపల చొక్కా తడిసి ముద్దయింది.

మూడో పరీక్షలో ఇంకో మెలిక ఉంది. మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ల చేత కూడా ఒక కాగితం నింపించమంటుంది. భోజనాల వేళ దాన్ని బావ చేతిలో పెట్టాడు.

"ఏంట్రా, ఇది నింపితే కొత్త బామ్మర్దినేమన్నా ఇస్తారా?" అంటూ బావ పెన్సిల్ తీశాడు. నవ్వుతూనే టిక్కులు పెట్టుకుంటూ పోయి, కాగితం తిరిగిచ్చాడు.

ఇరవై ప్రశ్నలకు పంతొమ్మిది టిక్కులు. పదమూడోది ఖాళీ. 'తప్పు చేస్తే తనంతట తాను ఒప్పుకుంటాడా?'

"ఇదొకటి మర్చిపోయావు బావా."

"మర్చిపోలేదు." బావ డబ్బా మూత పెట్టాడు. "మూడు వారాల నుంచి చూస్తున్నా. ఏం పెట్టాలో ఇంకా తెలియట్లేదు."

నిదానం కాగితం మడిచాడు. ఆ తర్వాత మాటలు వాటంతటవే బయటపడ్డాయి. "నేనే బావా. ఆగిందో లేదో చూద్దామని ఎత్తాను. తాడేం సర్దుకోలేదు. నీ చెయ్యి..." ఏడ్చేశాడు.

"తాడు జానెడు సర్దుకుందని ఇరవయ్యేళ్లు తాళ్లతో బతికినవాడికి చెప్తావా?" బావ గొంతులో కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేదనిపించింది నిదానానికి. బావ జేబులోంచి పింగాణీ ఫ్యూజు తీసి అతని ముందు పెట్టాడు. "పని మొదలుపెట్టే ముందు మిషన్ గదికొచ్చి పానెల్ చూసిపోతున్నానే, ఎందుకనుకున్నావు? నీ కంటపడకుండా దీన్ని పీకి జేబులో వేసుకుని దిగుతున్నా. నువ్వు స్విచ్ ఎన్నిసార్లు ఎత్తినా అది కదలదు."

మూడు వారాలుగా తను "ఆపాను" అని అరుస్తుంటే, బావ ఆ మాటను నమ్మకుండానే పని చేసుకున్నాడన్నమాట.

"మరి నన్ను మార్చమని ఆఫీసులో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ అక్క ఎందుకని అడుగుతుంది. అయినా నువ్వెలాంటివాడివో నాకు తెలియదురా. నేనెలాంటివాణ్ణో కూడా తెలియదు. ఆ రోజు ఫ్యూజు తియ్యకుండా ఎక్కింది నేనేగా? ఎక్కినవాడి జేబులో ఇది ఉండాలి. ఈ పూట నువ్వెక్కు."

నిదానం ఫ్యూజు జేబులో వేసుకుని కేబిన్ మీదికెక్కాడు. జేబు తడుముకున్నాడు. ఉంది. మళ్లీ తడుముకున్నాడు.

"ఆపావా?"

"ఆపాను."

చెయ్యి ముందుకు వెళ్లలేదు. కాళ్ల కింద ఏడంతస్తుల చీకటి. తాడుకూ కప్పీకీ మధ్య సందు నాలుగు వేళ్లంత ఉంది. అందులోనే బావ రోజూ చెయ్యి పెట్టాడు.

"బావా, ఆపావా?"

"ఆపానురా. ఎన్నిసార్లడిగినా చెప్తా. పెట్టు చెయ్యి."

పెట్టాడు.