అంగుళం గాలి

గురవయ్య కారులో ఏసీ ఎప్పుడూ పూర్తి జోరు మీద ఉంటుంది. నాలుగు అద్దాలూ ఎప్పుడూ అంగుళం మేర దిగి ఉంటాయి. ఈ రెండూ ఒకే కారులో ఎట్లా కుదురుతాయని ఎవరైనా అడిగితే, ముప్పై నాలుగేళ్ళు బొగ్గు బాయిలో గాలి సంగతి చూసిన మనిషికి గాలి గురించి చెప్పొద్దంటాడు.

ఆ మాట అనే హక్కు ఆయనకు ఉందనే ఒప్పుకోవాలి. కొత్తగూడెం దగ్గర ఒక బాయిలో వెంటిలేషన్ సూపర్‌వైజరుగా రిటైరయ్యాడు. భూమి అడుగున వందల మంది పీల్చే గాలి ఏ దారిన రావాలి, ఏ దారిన పోవాలి, ఏ గాలి తలుపు ఎప్పుడు మూయాలి, ఇదే ఆయన ఉద్యోగం. రెండు తలుపులు ఒకేసారి తెరిస్తే పైన ఎంత పెద్ద ఫ్యాను తిరిగినా దండగే. ఈ చట్టం ఇంట్లో కూడా అమలైంది. వాన మొదలై పెరట్లో మిరపకాయలు తడుస్తున్నా సరే, భార్య ఉప్పలమ్మ ముందు వీధి తలుపు మూసి, ఆ తర్వాతే పెరటి తలుపు తీయాలి. ఆమె ఎన్నిసార్లు మనసులో తిట్టుకుందో ఆ మిరపకాయలకే తెలుసు.

రెండు వేల ఆరులో ఆమె మోకాళ్ళు మొరాయించాయి. బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. బూర్గంపాడులో ఉన్న చెల్లెలు తప్ప పుట్టింటి వాళ్ళంటూ ఆమెకు ఇంకెవరూ లేరు. నెలకోసారి ఆ చెల్లెల్ని చూపించడానికే గురవయ్య సెకండ్ హ్యాండు కారు కొన్నాడు. ఎండలో మాడకుండా పోవాలని ఏసీ ఉన్నదే ఏరికోరి తెచ్చాడు.

కొడుకు కిషోర్ రెండు నెలలు చూసి నోరు విప్పాడు.

“నాయినా, ఈ కారు పెట్రోలు తాగుతలేదు, తానం చేస్తున్నది. అద్దాలు బంద్ చేసి గా బటన్ నొక్కు. చల్లబడ్డ లోపలి గాలినే మళ్ల తిప్పుకుంటది, ఏసీకి పని తగ్గుతది.”

“వాడిన గాలిని మళ్ల వాడుడా? బాయిల గట్ల చేస్తే నా ఉద్యోగం పీకుతుండె.”

“ఇది బాయి కాదు నాయినా, కారు. గిట్లనే నడుపుతనంటే అమ్మేసుడే మేలు. పాల్వంచల ఒకాయన అడుగుతుండు.”

గురవయ్యకు రోషం పొడుచుకొచ్చింది. “ఇప్పుడు పోయించిన పెట్రోలుతోనే బూర్గంపాడు పోయి వస్త. దారిల బంకుల ఆగిన్ననుకో, కారు నేనే అమ్మేస్త.”

అన్నం వడ్డిస్తున్న ఉప్పలమ్మ గరిటె ఆగిపోయింది. ఆయన అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదని ఆమెకు తెలుసు. ఆ రోషంలో పోయేది తను చెల్లెల్ని చూసే దారే అని కూడా తెలుసు.

మే నెల ఆదివారం బయల్దేరారు. ముందు నుంచి ఏసీ చల్లగాలి కొట్టింది, పక్కల నుంచి వడగాలి కొట్టింది. ఉప్పలమ్మకు ముక్కు చల్లబడింది గానీ చెవులు కాలాయి. బూర్గంపాడు చేరేసరికే పెట్రోలు ముల్లు ఉండకూడనంత కిందికి దిగింది. మధ్యాహ్నం తిరిగి బయల్దేరే ముందు ఆమె చెల్లెల్ని పట్టుకుని, “మళ్ల ఎన్నడొస్తనో” అంది. చెల్లెలు కళ్ళొత్తుకుంది. గురవయ్యకు మనసు చివుక్కుమంది, కారు వైపు నడిచాడు.

ఎండలో నిలిచిన కారు లోపల పెనంలా ఉంది. ఆయన నాలుగు తలుపులూ తెరిచి ఐదు నిమిషాలు వేడిని బయటికి పోనిచ్చాడు. అంతవరకు బాగానే చేశాడు. తర్వాత ఏసీ వేసి, యథాప్రకారం అంగుళం వదిలాడు.

అడవి దారిలో పెట్రోలు ముల్లు పక్కన ఎర్ర దీపం వెలిగింది. అది వెలిగాక ఈ కారు పాల్వంచ దాకానే పోతుంది. ఇల్లు పాల్వంచకు అవతల ఉంది.

ఉప్పలమ్మ ఆ దీపాన్నీ, అద్దం సందునూ మార్చి మార్చి చూసింది. ఆఖరికి అడిగింది. “ఏమయ్యా, బాయిల గాలి తలుపు అంగుళం తెరుచుకొని ఉంటే ఏమైతది?”

“ఏమైతది? ఫ్యాను ఎంత తిరిగినా లోపలికి గాలి అందదు. తలుపు తెరిచినోన్ని నేను ఊకె ఇడుస్తనా?”

“మరి ఇదేంది?” అని ఆమె అద్దం సందులో వేలు పెట్టి చూపించింది.

గురవయ్య ఆ వేలు వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్ళు తలుపులు మూయమని అందరి మీదా అరిచిన మనిషి నాలుగు తలుపులు తెరుచుకుని తిరుగుతున్నాడు. కారు పక్కకు ఆపాడు.

“బాయిల ఒకసారి గాలి ఆగింది, ఉప్పలమ్మా. అన్నీ మూస్తే నాకు గదే యాదికొస్తది.”

ఆ తర్వాత చెప్పలేకపోయాడు. ఆమె అడగనూ లేదు. చలికాలంలో కూడా కిటికీ తెరిచి పడుకునే మనిషితో కాపురం చేసింది ఆమె.

“నేను మాట్లాడుకుంట ఉంట. నా నోరు నడిచినంత సేపు గాలి మంచిగున్నట్టే. సరేనా?”

అంత నమ్మకమైన పరికరం ఏ బాయిలోనూ లేదని గురవయ్య ఒప్పుకోక తప్పలేదు. అద్దాలు పైకి తిప్పాడు, కళ్ళు మూసుకుని బటన్ నొక్కాడు. ఉప్పలమ్మ చెల్లెలింటి బర్రెతో మొదలుపెట్టి, కిషోర్‌కు ఇంకా కుదరని పెళ్ళి మీదుగా సాగింది. కారులో నిజంగా చల్లబడింది. ఏసీ జోరు సగానికి తగ్గించినా చల్లగానే ఉంది.

ఉన్నట్టుండి మాట ఆగిపోయింది.

గురవయ్య బ్రేకు తొక్కి, ఆమె మీదుగా వంగి అద్దం మొత్తం కిందికి తిప్పేశాడు. వడగాలి మొహాన కొట్టేసరికి ఉప్పలమ్మ లేచి కూర్చుంది.

“తలుపు ముయ్యయ్యా, సల్లగ నిద్ర పట్టింది.”

“మాట్లాడుతనంటివి గదా!”

“నా షిఫ్టు అయిపోయింది. ఇగ నువ్వు మాట్లాడు.”

ఆయనకు మాట్లాడటం రాదు. తలుపు మూయమనడం తప్ప ఇంట్లో పెద్దగా మాట్లాడింది లేదు. అద్దం పైకి తిప్పి, కొంచెం దూరం పోయాక, “ఆ దినం సెకండ్ షిఫ్టు,” అని మొదలుపెట్టాడు. “నల్గురం ఉంటిమి.”

ఉప్పలమ్మ కళ్ళు మూసుకునే ఉంది గానీ నిద్రపోలేదు. పాల్వంచ వచ్చింది. బంకు వచ్చింది, పోయింది. ఇద్దరిలో ఎవరూ దాని వైపు చూడలేదు.

ఇంటి ముందు కారు ఆగేసరికి కిషోర్ ముల్లు చూద్దామని ఉరికొచ్చాడు. ఇంజను ఆగిపోయింది, ఏసీ ఆగిపోయింది. నాలుగు అద్దాలూ మూసే ఉన్నాయి. లోపల తండ్రి చెమటలు కక్కుతూ చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. తల్లి ఆయన భుజం మీద చెయ్యి వేసి వింటోంది. కిషోర్ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

“ఆగు బిడ్డా,” అన్నాడు గురవయ్య లోపలి నుంచే. “తలుపు తియ్యకు, ఇంకా అయిపోలే.”