విరిగినవి కింద, మెరిసేవి పైన

వాన వెలిసింది.

మట్టిలోంచి గుండీలు బయటికొచ్చాయి.

తెల్లవి, నీలంవి, పొగరంగువి. అన్నీ విరిగినవే. ఒకదానికి అసలు చిల్లే లేదు. ఇంకోదానికి నాలుగు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి. వాన పడ్డ ప్రతిసారీ మా ఊరి వీధులు ఇలా గుండీలు కక్కుతాయి. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో పనికిరానివన్నీ బస్తాల కొద్దీ తెచ్చి, రోడ్డు మీది గుంతల్లో పోసి, పైన మట్టి కప్పేసేవాళ్లం. మట్టి మాత్రం ఎన్నాళ్లని దాస్తుంది...

నేనూ దాచాను.

ఆ సంగతి ఎవరితోనైనా చెప్పకపోతే గుండె పగిలి చచ్చేట్టున్నాను.

మాది గుండీల ఊరు. మా ఆయన చిల్లుల మిషను మీద, నేను అట్టల గదిలో. అట్టకు డజను గుండీలు, వరసకు ఆరు, వెనక దారం ముడి. ఇరవై ఏళ్లు అదే పని. ఊడిన గుండీతో మా ఊళ్లో ఎవరూ గడప దాటరు. చొక్కా వెలిసిపోయినా సరే, మోచేతి దగ్గర అతుకు పడినా సరే — గుండీలు మాత్రం నిండుగా ఉండాలి. అదీ మా పరువు.

పరువట, నా మొహం!

ఫ్యాక్టరీకి తనిఖీ వస్తోందంటే మాకు ఒక్కటే తెలుసు. విరిగినవి కింద, మెరిసేవి పైన. ట్రే అడుగున పగుళ్లవి పోసి, పైన ఒక పొర మంచివి పరిచేవాళ్లం. వచ్చినవాడు పై పొర చూసి, తలాడించి, టీ తాగి వెళ్లిపోయేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ దొరకలేదు.

ఒక్కసారైనా దొరికి ఉంటే బాగుండేది.

ఫ్యాక్టరీ మూతపడి ఎనిమిదేళ్లయింది. ముందు బ్యాంకు పోయింది. తర్వాత మందుల షాపు పోయింది. ఆస్పత్రి గేటుకు గొలుసు పడింది. వీధిలో పది ఇళ్లుంటే ఏడింటికి తాళాలు. మిగిలింది ఒక్క బస్సు. పొద్దున తీసుకెళ్తుంది, సాయంత్రం తెచ్చి దింపుతుంది.

ఆ బస్సే మా ఆయన ప్రాణం.

ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు పెద్ద ఊరి ఆస్పత్రిలో నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. "ఇన్నేళ్లూ నేను మిషన్ని నడిపాను. ఇప్పుడది నన్ను నడుపుతోంది చూడు," అంటాడు. అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. బస్సు ఆగితే ఆయన ఆగిపోతాడు. ఇందులో దాపరికం ఏముంది?

పోయిన నెల సర్కారు నుంచి కబురొచ్చింది. చితికిపోయిన ఊళ్లలో ఒకదాన్ని ఎంచుకుని నిలబెడతారట. ఫ్యాక్టరీ షెడ్డులో కొత్త పని పెట్టిస్తారట. ఆస్పత్రి తెరుస్తారట. తీసేస్తామంటున్న బస్సును ఉంచుతారట. చూడ్డానికి మంగళవారం ఒక ఆఫీసరు వస్తాడట.

ఫోర్‌మన్ మామయ్య — ఊరందరికీ ఆయన మామయ్యే — ఫ్యాక్టరీ గేటు ముందు అందరినీ పోగేశాడు. పోగేస్తే నలభై మంది తేలాం. గొంతు సవరించుకుని, వెనకటి రోజుల్లోలాగే అన్నాడు.

"తనిఖీ వస్తోందర్రా!"

అంతే. ఇంకో మాట ఎవరికీ అక్కర్లేకపోయింది. మా చేతులు వాటంతటవే కదిలాయి.

బోర్డులు రాసే తమ్ముడు మూతపడ్డ షాపుల షట్టర్ల మీద బొమ్మలు వేశాడు. టమాటాలు, చెప్పుల జతలు, మందుల సీసాలు. టమాటాలైతే చేయి చాచి తీసుకోవాలనిపించింది. ఆస్పత్రి గేటుకూ, దాని గొలుసుకూ ఒకే తెల్లరంగు వేశాడు. గొలుసు గేటులో కలిసిపోయింది. మేం వీధులు ఊడ్చాం. పైకి తేలిన గుండీలన్నీ ఏరి బస్తాలకెత్తాం.

బట్టల ఆలోచన మాత్రం నాది.

తాళం పడ్డ ఇళ్ల ముందు తీగలు వట్టిగా ఊగుతున్నాయి. తలా నాలుగు బట్టలు తెచ్చి వాటి మీద ఆరేద్దాం అన్నాను. మనుషులున్నట్టు కనిపిస్తుంది అన్నాను. "నీ బుర్రే బుర్ర అక్కా!" అన్నాడు బోర్డుల తమ్ముడు. పొంగిపోయాను. మంగళవారం పొద్దున్నే తడిపి, పిండి మరీ ఆరేశాం. వెళ్లిపోయినవాళ్ల ఇళ్ల ముందు మా దుప్పట్లు, మా చొక్కాలు, మా పిల్లల గౌన్లు... గాలికి ఎగురుతూ... ఊరు నిండుగా కనిపించింది. నిజం చెప్పొద్దూ, కాసేపు నేనూ నమ్మాను.

ఆయన రోజూలాగే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మొహం ఉబ్బి ఉంది. చేతి మీద సూదుల మచ్చలు.

"లోపలికి పదండి," అన్నాను.

"ఎందుకే?"

"ఎందుకేమిటి? ఆఫీసరు వచ్చే వేళయింది. మిమ్మల్నిలా చూస్తే ఊరంతా రోగిష్టిదనుకోడూ?"

నా వంక చూశాడు. గోడ పట్టుకుని లేచి, వెనక గదిలోకి వెళ్లాడు. నేనే తలుపు వేశాను.

విరిగినవి కింద...

వచ్చినాయన మంచివాడే. కాదంటే నా నోరు పడిపోతుంది. ఎండలో వీధంతా నడిచాడు. మా గుమ్మం ముందు ఆగి మంచినీళ్లడిగాడు. తాగి, గ్లాసు చేతికిస్తూ అడిగాడు.

"ఆ బస్సు లేకపోతే గడవని వాళ్లెవరైనా ఉన్నారామ్మా? జబ్బు మనుషులూ, అలాంటివాళ్లూ?"

వెనక గదిలోంచి దగ్గు వినబడలేదు. పొద్దుటినుంచీ తెరలు తెరలుగా దగ్గుతున్న మనిషి ఆపుకున్నాడు. నాకోసం ఆపుకున్నాడు.

"అయ్యో, లేదు సార్. అందరం బాగున్నాం."

ఎంత చక్కగా అన్నానో! తల దువ్వుకుని, గుండీలన్నీ పెట్టుకుని, నవ్వుతూ అన్నాను.

పదో రోజున ఉత్తరం వచ్చింది. మామయ్య గేటు ముందు నిలబడి చదివాడు. ఊళ్లో జనం ఉన్నారు. దుకాణాలున్నాయి. ఆస్పత్రి ఉంది. కనుక సాయం ఇంతకన్నా అవసరమైన ఊరికి ఇస్తున్నాం. అన్నీ ఊళ్లోనే దొరుకుతున్నందున ఒకటో తేదీ నుంచి బస్సు ఆపేస్తున్నాం.

మమ్మల్ని మెచ్చుకున్నారు కూడా. మాది ఆదర్శమైన ఊరట.

మామయ్య కాగితం మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు. బోర్డుల తమ్ముడు వెళ్లి తను వేసిన మందుల సీసాల ముందు చతికిలబడ్డాడు.

తిరిగి రాశాం. మూడు ఉత్తరాలు. సార్, అది వట్టి రంగు. సార్, ఆ బట్టలు మావే. మూడోది నేనే రాశాను — సార్, మా ఆయన లోపలే ఉన్నాడు... జవాబు లేదు. ఒక బుధవారం ఆయన్ను మిషను దగ్గర పడుకోబెట్టి, ఆ ఆఫీసు మెట్లెక్కాను. ఆ సార్ బదిలీ మీద వెళ్లిపోయాడన్నారు.

ఆయన నన్ను ఒక్క మాటన్నా అనలేదు. అని ఉంటే బాగుండేది. "పోనీలేవే," అన్నాడు. "మన బతుకు ఎప్పుడో బస్టాండయింది. ఇప్పుడు దానికి బస్సు కూడా లేదు, అంతేగా!" నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. నా చేతులు విరగా, ఆ తలుపు ఎందుకు వేశాను?

ఇవాళ ఆఖరి బస్సు.

ఎక్కితే పెద్ద ఊళ్లో, ఆస్పత్రి పక్క సందులో, అద్దెకు ఒక గది. మా వీధిలో ఎనిమిదో తాళం. ఎక్కకపోతే... ఎక్కకపోతే మూడో రోజుకల్లా కాళ్లు ఉబ్బుతాయి. ఆ తర్వాత ఊపిరందదు. డాక్టరు చెప్పాడు. చెప్పకపోయినా తెలుసు.

పొద్దున సంచి సర్దుతుంటే ఆయన ఒక్కటే అడిగాడు.

"ఆ గది ముందువైపా, వెనకవైపా?"

వెనకవైపే. ఆ మాట చెప్పలేక తల వంచుకుని సంచి తాడు కట్టాను. ఆయన నీలం చొక్కా ఇంకా ఎదురింటి తీగ మీదే ఉంది. తీయబుద్ధి కాలేదు. తాళం వేసి వచ్చేశాం.

ఫోర్‌మన్ మామయ్య స్టాపు దాకా వచ్చాడు. "అమ్మాయీ, నువ్వూ పోతే ఇక ఆ తీగల మీద..." అని, నాలుక కరుచుకున్నాడు.

బస్సు వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపలేదు.

ఆయన మెట్టు మీద కాలు పెట్టాడు. మళ్లీ తీశాడు. మెల్లగా వంగాడు. బురదలోంచి ఒక గుండీ తీశాడు. సగం ముక్క. చొక్కా అంచుతో తుడిచి చూశాడు.

"నా మిషనుదే. చిల్లు పక్కకి పోయింది."

స్టాపులోని సిమెంటు బల్ల మీద పెట్టాడు. సరిగ్గా నడిమధ్యన, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేట్టు. ఇంకోటి తీశాడు. దాన్నీ పెట్టాడు. ఆయాసం వస్తోంది. ఆగలేదు.

"ఎక్కుతున్నారా, లేదా?" అన్నాడు డ్రైవరు.

ఆయన చేయి పట్టుకుని ఎక్కించాలి. ఎక్కించాలని తెలుసు. సంచి కింద పెట్టాను. నేనూ వంగాను. అన్ని బస్తాలకెత్తాం, ఇంకా ఉన్నాయి...

హారన్ మోగింది.

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. మట్టిలోంచి గుండీలు బయటికొస్తున్నాయి —