దుంపల సెలవులు

హార్మన్ ఫాల్స్‌కి ఐదేళ్లలో ముగ్గురు సూపరింటెండెంట్లు వచ్చారు, ముగ్గురూ పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ ఉన్న బళ్లన్నిటి మీదా పెత్తనం ఆ కుర్చీదే. జూన్ నెలలో కోరిన్ డెలానీ వచ్చి అందులో కూర్చున్నప్పుడు, ఈవిడ ఎన్నాళ్లుంటుందోనని ఊరంతా లెక్కలేసింది. కోరిన్ మాత్రం అలాంటి లెక్కలేవీ పెట్టుకోలేదు. నలభై ఆరేళ్ల మనిషి, దక్షిణాన పోర్ట్‌లాండ్‌లో పదమూడేళ్లు ప్రిన్సిపాల్‌గా చేసి వచ్చింది. తనకు పని వచ్చు. వచ్చన్న సంగతి ఎదుటివాళ్లకు తెలియకపోతే ఆవిడకు నిద్రపట్టదు.

జూలైలో హైస్కూలు వ్యాయామశాలలో ఊరందరినీ పిలిచి సభ పెట్టింది. కొత్త సూపరింటెండెంట్ ఎలా ఉండాలనుకుంటున్నారో రాయండంటూ తలా ఒక పసుపు కార్డు పంచింది. కాగితం చేతికిస్తే ఊరుకునే ఊరా అది! ఊళ్లోనే ఇల్లు తీసుకోవాలని ఒకరు, శుక్రవారం ఫుట్‌బాల్ ఆటకు రావాలని, వచ్చి మన వైపే కూర్చోవాలని ఇంకొకరు. ఏడాదికి ఒక్కసారైనా పొలంలో కాలు పెట్టాలని వేరొకరు. ఎవరికీ చుట్టం కాకూడదు, అలాగని మరీ పరాయిదీ కాకూడదు అని ఒక మహానుభావుడు. ఆ చివరి కోరిక తీర్చడం దేవుడి వల్ల కూడా కాదు.

వీటన్నిటినీ మించి నలభై ఒక్క కార్డుల మీద ఒకటే మాట ఉంది: చెప్పిన మాట మీద నిలబడాలి. దానికో కారణముంది. కిందటిసారి ఉన్నాయన దగ్గర చివరగా ఎవరు అరిస్తే వాళ్ల మాటే శాసనం. ఒక్క నెలలో బడి గంట వేళ నాలుగుసార్లు మార్చిన ఘనుడాయన.

కోరిన్ కార్డులన్నీ మైకు ముందు చదివింది. చదివి అక్కడికక్కడే తేల్చేసింది. "సరే, వినండి. దుంపల సెలవులు సెప్టెంబర్ పద్నాలుగు, సోమవారం మొదలు. మూడు వారాలు. ఈ తేదీ మారదు."

చప్పట్లతో కప్పు ఎగిరిపోయినంత పనైంది.

ఆ సీమలో బళ్లు ఆగస్టు నడిమికే తెరుస్తారు. బంగాళాదుంపలు తవ్వే మూడు వారాలు మూసేస్తారు. పెద్ద తరగతుల పిల్లలు తవ్వే యంత్రాల మీద వరసగా నిలబడి దుంపల్లోంచి రాళ్లూ మట్టిగడ్డలూ ఏరుతారు. పెద్ద రైతులు ఎలాగో నెట్టుకొస్తారు గాని, చిన్న రైతుకు ఆ పిల్లలే చేతులు. ఈ సంగతి కోరిన్‌కి తెలియక కాదు. పదేళ్ల సెలవు తేదీలు ముందేసుకుని సగటు కట్టి మరీ పద్నాలుగు తేల్చింది. లెక్కలో తప్పు లేదు.

ఆగస్టులో బళ్లు తెరిచారు. ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒక్క మనిషి ఆఫీసు గడప తొక్కి గొంతు పెంచలేదు. "చూశారా నీల్, పద్ధతిగా చేస్తే ఇంత ప్రశాంతంగా ఉంటుంది," అంది కోరిన్, బళ్ల బోర్డు అధ్యక్షుడు నీల్ ఫోగెట్‌తో. ఆయన ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడు. గొంతు సవరించుకుని కిటికీలోంచి పొలాల వైపు చూశాడు.

సెప్టెంబర్ మూడున, కార్డు మీద అడిగారు కదా అని, కోరిన్ రబ్బరు బూట్లు తొడుక్కుని వెండెల్ హాఫర్డ్ పొలానికి వెళ్లింది. వెండెల్ డెబ్బై ఏళ్ల చిన్న రైతు. అతని ట్రక్కు పక్కన ఆల్మా సిర్ కూడా ఉంది. బడి వంటశాలలో ముప్పై ఏళ్లు వండి రిటైరైంది, ఇప్పుడు ఏటా వెండెల్ యంత్రం మీద ఏరే పిల్లల్ని అదిలించేది ఆవిడే. వెళ్లిపోయిన ముగ్గురిలో ఇద్దర్ని తరిమింది ఆవిడ నోరేనని ఊళ్లో చెప్పుకుంటారు. ఆవిడ కాదనదు.

వెండెల్ పారతో ఒక పాదు తవ్వాడు. లోపల్నించి పిడికిలంత దుంపలు దొర్లాయి.

"భలే ఊరాయే! పద్నాలుగుకి సిద్ధమేగా?" అంది కోరిన్.

వెండెల్ ఒక దుంప మట్టి దులిపి ఆవిడ చేతిలో పెట్టాడు. "బొటనవేలితో రుద్దండి."

రుద్దింది. తొక్క ఉడికిన దుంప మీది పొరలా జారి వేలికి అంటుకుంది.

"ఇలాంటివి తవ్వి కొట్లో పోస్తే ఏమవుతుంది?"

"క్రిస్మస్‌కల్లా కొట్టంతా కంపు," అన్నాడు వెండెల్. "ఈ ఏడు మే నెల దాకా మంచు పోలేదు. నాట్లు పన్నెండు రోజులు వెనకబడ్డాయి. మొన్న శనివారమే మందు కొట్టి ఆకు చంపాం. ఆకు చచ్చాక మూడు వారాలకు గాని తొక్క గట్టిపడదు."

"మరి పద్నాలుగు నుంచి పిల్లలు?"

"వారం పైనే గోళ్లు గిల్లుకుంటూ కూచుంటారు. తీరా తవ్వకం జోరందుకునే వేళకి మీరు బడి గంట కొడతారు. పిల్లలు బళ్లో, దుంపలు నేల్లో. అక్టోబర్ సగానికి నేల గడ్డకడుతుంది."

"ఊరంతా ఇంతేనా?"

"ఊరంతా ఇంతే."

"జూలైలోనే మీకు తెలుసా ఈ సంగతి?"

"నాటినోడికి తెలీదా?"

కోరిన్‌కి ఒళ్లు మండిపోయింది. "తెలిసి కూడా ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదేం? నన్ను నలుగుర్లో నవ్వులపాలు చేద్దామనా?"

ఆల్మా చేతులు కట్టుకుని ముందుకొచ్చింది. "నవ్వులాటేమిటమ్మా! సూపరింటెండెంటు ఎలా ఉండాలో రాయమన్నావ్, రాశాం. దుంపలెలా ఉన్నాయని అడిగావా?"

"అడక్కపోతే చెప్పకూడదా? మీరు చెప్పకుండా ఉండే మనిషేనా?"

ఆల్మా నేల చూపులు చూసింది. ఆవిడ అలా చూడడం వెండెల్ కూడా ఎన్నడూ ఎరగడు. "వచ్చినోళ్లందర్నీ అరిచి అరిచి సాగనంపామని పేరు పడింది మాకు. బళ్లేమో ఏడాదికో చేతిలో పడి పాడైపోతున్నాయి. ఈసారన్నా నోరు కట్టేసుకుందామని చర్చి మెట్ల మీద అందరం అనుకున్నాం. దుంపలు పోతే ఒక్క ఏడు పోతాయి. నీ మాట పోతే నువ్వూ పోతావ్."

ఆ ప్రశాంతత తన గొప్పే అనుకుంది కోరిన్ ఇన్నాళ్లూ. ఊరు పంట వదులుకుని మరీ తనను నిలబెట్టుకుంటోందని తెలిసేసరికి సిగ్గుతో ముఖం కందిపోయింది.

ఇంటికొస్తూ నీల్‌కి ఫోన్ చేసింది. "ఆ పని చేయకండి," అన్నాడాయన వెంటనే. "నలభై ఒక్క కార్డులు. ఇప్పుడు తేదీ మారిస్తే మీకూ కిందటాయనకూ తేడా ఏముంది? మీది ఇంకా మొదటి ఏడాది. డిసెంబర్‌లో మిమ్మల్ని ఉంచాలా వద్దా అని బోర్డు ఓటేస్తుంది. ఇద్దరు ఎదురుతిరిగేలానే ఉన్నారు, అదే జరిగితే ఇంటికే."

"డిసెంబర్ దాకా టైముందిగా," అంది కోరిన్. మంగళవారం బోర్డు సమావేశం ఉంది. అందర్నీ రమ్మని కబురు పెట్టింది.

మంగళవారం సాయంత్రం వ్యాయామశాల నిండిపోయింది. కోరిన్ మైకు ముందుకొచ్చి కాగితం లేకుండా మాట్లాడింది.

"పద్నాలుగు అన్నాను. మారదన్నాను. పొలం చూడకుండా, ఎవర్నీ అడక్కుండా అన్నాను. తప్పు నాది. ఆ తేదీ రద్దు చేస్తున్నాను. ఎవరో అరిచారని కాదు, ఒక్కరూ అరవలేదని. నేను ఎలా ఉండాలో మీరు జూలైలో చెప్పారు. ఇప్పుడు నావంతు. నేను తప్పు దారిన పోతుంటే మర్యాదకి నోరు మూసుక్కూచోవద్దు. నన్ను కాపాడ్డానికి అసలే వద్దు. కొత్త తేదీ నేను చెప్పను. మీరు చెప్పండి."

నీల్ బల్ల మీది కాగితాలు అటూ ఇటూ సర్దాడు. నలభై ఒక్క కార్డులు రాసిన మనుషులంతా అక్కడే ఉన్నారు. ఇంకా ఎన్నాళ్లు ఈ ఉద్యోగమన్నది వాళ్ల మొహాల్లో కనబడుతుందేమోనని కోరిన్ వెతికింది.

"ఇరవై ఒకటి," అన్నాడు వెండెల్, చివరికి.

"నీ మొహం!" ఆల్మా లేచింది. "ఇరవై ఒకటికి ఏటి పక్క మళ్లు ఆరతాయా? నీది మెట్ట గనక నీకు బానే ఉంటుంది."

"మరి ఇరవై ఎనిమిది చెయ్యమంటావా, మంచులో తవ్వుకుందాం!"

"మధ్యలో వాలీబాల్ పోటీలున్నాయి, ఎవరికన్నా గుర్తుందా?" అని వెనక నుంచి ఒకావిడ కేకేసింది.

అంతే. నెలన్నరగా బిగబట్టిన నోళ్లన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. గంటా పది నిమిషాల పాటు ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియలేదు. కోరిన్ పొలాల పేర్లూ ఆకు చంపిన తేదీలూ రాసుకుంటూ కూర్చుంది. ఆవిడకు అంత హాయిగా ఆ ఊళ్లో ఎప్పుడూ అనిపించలేదు. ఆఖరికి ఇరవై మూడు, బుధవారం దగ్గర తేలింది. బోర్డులో అందరూ చేతులెత్తారు, ఎదురుతిరుగుతారన్న ఆ ఇద్దరితో సహా.

నీల్ సమావేశం ముగించబోయాడు. కోరిన్ చేత్తో ఆపి జనం వైపు తిరిగింది.

"నామీద ఇంకా చెప్పకుండా దాచుకున్నవి ఏమైనా ఉన్నాయా?"

పదిహేడు చేతులు లేచాయి. అన్నిటికంటే పైన ఆల్మా చెయ్యి.

కోరిన్ కుర్చీ ముందుకు లాక్కుని కాగితం తిప్పింది. "ఒక్కొక్కరే చెప్పండి," అంది.