డైరెక్టర్‌కి ఒక కాపీ

డబ్లిన్ పక్కన స్వోర్డ్స్ ఊళ్ళోని ఆఫీసులో మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఊర్మిళ మూడోసారి ఈక్వడార్‌కి ఫోన్ చేసింది. ఈసారీ ఎవరూ ఎత్తలేదు.

నాలుగింటిలోగా అక్కడి రేవులో తమ ఓడకు బెర్త్, అంటే ఆగి సరుకు దించే చోటు, దొరకాలి. లేకపోతే వెనకున్న ఓడకు ఆ చోటు ఇచ్చేస్తారు, మళ్ళీ వంతు వచ్చేది ఆరు రోజులకు. కరువుకి జలాశయాలు అడుగంటి, ఆ తీరపట్టణం డీజిల్‌తో నడిచే కరెంటు ప్లాంటు మీదే బతుకుతోంది. ప్లాంటులో మిగిలింది మూడు రోజుల డీజిల్. ఓడలో ఉన్న డీజిల్ ఊర్మిళ కంపెనీది. దాన్ని ఒడ్డుకు చేర్చే పూచీ ఊర్మిళది.

"నిన్నటిదాకా ఇబర్రా బానే మాట్లాడాడు. పొద్దున ఏం చేశావు నితీష్?"

ఇబర్రా అక్కడి టెర్మినల్లో బెర్తులు కేటాయించే అధికారి. నితీష్ హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఐదేళ్ళు చేసి, మూడు నెలల కిందట ఇక్కడ చేరాడు.

"ఏం చెయ్యలే అక్కా. రిమైండర్ పెట్టిన. రెస్పాన్స్ లేదని ఆయన డైరెక్టర్‌ని కాపీల పెట్టిన. మా దగ్గర పని గట్లనే కదిలేది."

"ఎలా రాశావు?"

"ఎర్ర అక్షరాలల్ల. నాలుగు పాయింట్లు."

ఊర్మిళ కళ్ళు మూసుకుంది. "ఇంకా నయం, ఊరంతా దండోరా వేయించలేదు."

నాలుగోసారి ఇబర్రా ఎత్తాడు.

"మీ ఉత్తరం మా డైరెక్టర్‌గారు చదివారు. నలుగురి ముందు నాకూ చదివి వినిపించారు. మీ కాగితాలు పరిశీలనలో ఉన్నాయి."

ఫోన్ పెట్టేశాడు.

"ఆయన చివరి మెయిల్ తియ్," అంది ఊర్మిళ.

నిన్న రాత్రి వచ్చిన మెయిల్. డబ్లిన్‌లో చలి ఎలా ఉందని ఒక పేరా. అందరి ఆరోగ్యాల గురించి ఇంకో పేరా. మూడో పేరాలో ఒకే ప్రశ్న: సరుకులో నీటిశాతం పరీక్ష రిపోర్టు కనబడలేదు, పంపగలరా?

నితీష్ మూడో పేరా మళ్ళీ చదివాడు. "పలకరింపులే అనుకొని కిందికి పోలే అక్కా."

రిపోర్టు ఫైల్లోనే ఉంది. టైమ్ మూడూ పన్నెండు.

బాస్ డెక్లన్ గదిలోంచి వచ్చి సంగతంతా విన్నాడు. "రిపోర్టు పంపు. ఫోన్లో ఎంత బతిమాలుకున్నా గ్రాండ్, నాకేం అభ్యంతరం లేదు. తప్పు మనదని మాత్రం రాతలో పెట్టకు. రేపు కోర్టులో అదే మన మెడకు చుట్టుకుంటుంది."

"ఆయన పరువు పోయింది రాతలోనే కదా డెక్లన్."

"వద్దని చెప్పాను, ఊర్మిళా." అతను గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె రిపోర్టు ఒక్కటే పంపింది. పది నిమిషాలు ఎదురుచూసింది. జవాబు రాలేదు. ఓడల జాడ చూపే స్క్రీన్ మీద వెనకున్న ఓడ చుక్క రేవుకి దగ్గరగా జరిగింది.

మూడున్నరకి ఊర్మిళ టైప్ చేయడం మొదలుపెట్టింది. ఇబర్రాకి, కాపీ అదే డైరెక్టర్‌కి. 'మీ అధికారి నిన్ననే అడిగారు. మేమే చదవలేదు. ఆలస్యానికి కారణం మేము.' కింద తన పేరు పెట్టి పంపేసింది.

మూడూ నలభై ఆరుకి ఫోన్ మోగింది.

"అందింది, సెన్యోరా," అన్నాడు ఇబర్రా. "డైరెక్టర్‌గారికి కూడా. పొద్దున రాసినాయన ఉన్నారా?"

నితీష్ ఫోన్ అందుకున్నాడు. "జరిగిన అసౌకర్యానికి..." అని మెయిళ్ళలో రాసే ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగిపోయాడు. "మీ ఉత్తరం పూర్తిగా చదవలేదు సార్. చదవకుండానే మీ మీద ఫిర్యాదు చేశాను."

ఇబర్రా సంగతి మార్చాడు.

"మీ అమ్మగారు ఉన్నారా?"

నితీష్ గడియారం వైపు చూశాడు. మూడూ యాభై ఒకటి. ఊర్మిళ అతని భుజం మీద చెయ్యి వేసి, నిదానంగా చెప్పమని సైగ చేసింది.

"ఉన్నారు సార్. మోకాలు ఆపరేషన్ అయింది."

"ఏ కాలు?"

"ఎడమ కాలు సార్."

"నడుస్తున్నారా?"

"కర్ర పట్టుకుని. మెట్లు మాత్రం ఎక్కలేరు." అతను గడియారానికి వీపు తిప్పాడు. "మీ ఇంట్లో అందరూ బాగున్నారా సార్?"

ఇబర్రా తన కూతురి పెళ్ళి సంగతి చెప్పాడు. నితీష్ విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఓడ మాట ఎత్తలేదు.

మూడూ యాభై ఎనిమిది.

"మీ ఓడని రేవులోకి తీసుకురావడానికి పైలట్‌ని పంపిస్తున్నాను," అన్నాడు ఇబర్రా. "లంగరు ఎత్తమనండి."

స్క్రీన్ మీద తమ ఓడ చుక్క కదిలింది. డెక్లన్ తలుపు తీశాడు. చేతిలో ఆమె మెయిల్ ప్రింటు ఉంది.

"ఊర్మిళా, లోపలికి."

నితీష్ లేవబోయాడు. "నేను గూడ వస్త అక్కా. నాది గదా తప్పు."

"రాసింది నేను. ఓడని రేవులో కట్టేసేదాకా నువ్వు లైన్లో ఉండు."

ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసింది.