చివరి పేజీ నుంచి మొదలు

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మేజోళ్లలో ఒకదానికి జత కనబడలేదు. పియానో లోపల పడిందేమోనని ఆమె మూత ఎత్తి చూసింది. మేజోడు లేదు. నల్లవీ తెల్లవీ మీటలు మాత్రం, ఇన్నాళ్లూ తమనెవరూ పలకరించలేదని అలిగినట్టు చల్లగా ఉన్నాయి. ఒకదాన్ని నొక్కింది. కరెంటు పెట్టలేదు కాబట్టి శబ్దం రాలేదు గానీ, వేలికి మాత్రం ఏదో గుర్తొచ్చింది.

అది కూతురి కోసం కొన్న పియానో. కరెంటుదే అయినా మీటలు అసలు పియానోకి ఉన్నట్టే బరువుగా ఉంటాయి. పిల్ల కొన్నాళ్లు నేర్చుకుని, ఒకరోజు పొద్దున్నే లేచి తనకు సంగీతం పడదని తేల్చేసింది. ఆ రోజు నుంచి దాని మీద బట్టలు చేరాయి. "ఇంత ఖరీదైన బట్టల స్టాండు ఊళ్లో ఇంకెవరింట్లోనూ లేదు" అని ఆయన వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. పెళ్లికి ముందు ఆమె ఏళ్ల తరబడి పియానో నేర్చుకుందని ఆయనకు తెలియక కాదు. "నువ్వూ ఏదో వాయించేదానివి కదా" అనేవాడు అప్పుడప్పుడు. ఒక్కోసారి అది వయొలిన్ అనుకునేవాడు.

ఆ సాయంత్రం పిల్ల సోఫాలో కాళ్లు ముడుచుకుని ఏదో యానిమే, అదే జపాన్‌వాళ్ల బొమ్మల సీరియల్, చూస్తోంది. సముద్రం అడుగున మునిగిపోయిన గంటల్ని బాగుచేసే ఒక పిల్ల కథట. ఆఖరి భాగం. ఇన్నాళ్లూ పలకని పెద్ద గంట నీళ్లలో మొదటిసారి మోగింది, దాని వెనకే పాట వచ్చింది. ఆమె మడతపెట్టిన తువ్వాళ్లు గుండెకు హత్తుకుని అక్కడే నిలబడిపోయింది.

"అమ్మా, ఏడుస్తున్నావా?"

"లేదే, ఉల్లిపాయలు."

"నీ చేతిలో ఉన్నవి తువ్వాళ్లమ్మా."

తల్లి మొహం చూసి పిల్లకు ఉత్సాహం వచ్చి ఫోన్ తీసింది. ఆ పాటను ఎవరో మహానుభావుడు ఒంటి పియానోకి మలిచి, స్వరాలు రాసి పెట్టాడు. కాగితం మీద నలుపు తప్ప తెలుపు కనబడటం లేదు. పంచదార డబ్బా మూత తీసి మరిచిపోయినట్టు పేజీ నిండా చీమలే. "ఇది మనుషులు వాయించేది కాదమ్మా. కింద ఏం రాశారో చూడు. రెండు చేతులే ఉన్నవాళ్లు దయచేసి ప్రయత్నించవద్దట."

"ఆ కాగితాలు దొరుకుతాయా?"

"నీకెందుకు?"

"ఊరికే."

ఊరికే అనే ఆ ఒక్క మాట కింద ఆడవాళ్లు దాచుకున్నవన్నీ బయటికి తీస్తే పెట్టుకోవడానికి ఇల్లు చాలదు.

మర్నాడు క్లినిక్‌లో, డాక్టరుగారు లోపల ఎవరికో పన్ను పీకుతుండగా ఆమె ఆ పేజీలన్నీ ప్రింటు తీసుకుంది. పళ్ల డాక్టరు దగ్గర ముందు బల్ల ఆమెది. ఉద్యోగంలో చేర్చుకున్నప్పుడు అపాయింట్‌మెంట్లు చూడాలన్నారు, ఫోన్లు తీయాలన్నారు. టీ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటివారం ఒకసారి పెట్టిన పాపానికి, "మీ చేతి టీ తాగాక ఇంకెవరి టీ నోట పెట్టబుద్ధి కావడం లేదండీ" అని డాక్టరుగారు మెచ్చుకున్నారు. మెచ్చుకోలుతో కట్టిన ముడి విప్పుకోవడం కష్టం. తిట్టి ఉంటే ఎప్పుడో మానేసేది.

ఇంట్లో మొదటిరోజు పాట బయటికి వినబడేలాగే వాయించింది. ఆయన ఫోన్ మీటింగులో ఉన్నాడు. మర్నాడు హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చి స్వయంగా ఆమె తలకు తొడిగి, "ఇక నీ ఇష్టం, ఎంతసేపైనా వాయించుకో. ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఎంత సంతోషమో. ఆయన చెడ్డవాడైతే ఈ కథ ఎప్పుడో, ఇంకోలా అయిపోయేది.

ఆమె ఉద్యోగం నుంచి వచ్చి కూర ముక్కలు తరిగి పక్కన పెట్టి, పొయ్యి వెలిగించే ముందు ఒక గంట కూర్చునేది. మొదటి రోజుల్లో తలప్రాణం తోకకొచ్చింది. కుడిచెయ్యి పరవాలేదు. దానికి రాయడం, కలపడం, తుడవడం, సంతకం పెట్టడం అన్నీ అలవాటే. ఎడమచెయ్యే మొండికేసింది. ఎందుకా అని ఆలోచిస్తే ఆమెకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తన ఎడమచెయ్యి చేసిందంతా పట్టుకోవడమే. గిన్నె పట్టుకోవడం, సంచీ పట్టుకోవడం, పిల్ల రెక్క పట్టుకోవడం, కుడిచెయ్యి పని పూర్తయ్యేదాకా దేన్నో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని నిలబడటం. అలాంటి చేతిని పట్టుకుని ఈ మహానుభావుడు, పాట మధ్యలో, నీళ్లడుగున గంట మోగేచోట, అసలు రాగమంతా తీసుకెళ్లి దాని వేళ్లలో పెట్టాడు. కుడిచెయ్యి పైన ఊరికే నీటి తుంపర్లలా జల్లుతూ ఉంటే, ఎడమచెయ్యి పాడాలి. ఇన్నేళ్లూ గిన్నె పట్టుకున్న చెయ్యి పాడాలి. క్లినిక్‌లో బల్ల కింద ఆమె ఎడమచేతికి అదే పని అప్పజెప్పింది. ఫోన్లో మాట్లాడుతున్నా, రసీదు రాస్తున్నా అది తన పాటికి తన తొడ మీద సాధన చేసుకునేది. డాక్టరుగారు చూసి, "నరాల డాక్టరుకోసారి చూపించుకోండి" అని సలహా ఇచ్చారు.

అలా కొన్ని వారాలు హాయిగా గడిచాయి. ఆ గంటసేపు ఇంట్లో ఎవరూ ఆమెను పిలిచేవారు కారు. అబ్బ, ఎంత మంచివాళ్లు నావాళ్లు అని ఆమె మురిసిపోయింది కూడా. అసలు సంగతి ఒకరోజు భోజనాల దగ్గర బయటపడింది.

అత్తగారికి మోకాళ్ల నొప్పులు. గది దాటి రావడం తక్కువ. ఆవిడ గదికీ పియానోకీ మధ్య ఒక్కటే గోడ. కంచంలోని కూరకేసి ఆవిడ కాసేపు అనుమానంగా చూసింది.

"అమ్మాయీ, అడుగుతున్నానని ఏమీ అనుకోకు. రోజూ గంటసేపు టకటకా అంత కూర తరుగుతావు. కంచంలోకి వచ్చేసరికి ఇంతే ఉంటుందేం?"

పిల్లకు పొలమారింది. ఆయన నీళ్లు అందించాడు. అప్పటికి గానీ ఆమెకు వెలగలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పాట తన చెవిలోనే ఉంటుంది. గోడ అవతలికి వెళ్లేది ఉత్త మీటల చప్పుడు. టకటకటక. మొదటిరోజు పాటను అత్తగారు టీవీలోది అనుకుని ఉంటుంది. ఇన్ని వారాలుగా ఆవిడ లెక్కలో కోడలు కూర తరుగుతూ కూర్చున్నట్టే.

"అది కూర కాదత్తయ్యా. పియానో."

"పియానోనా?" ఆవిడ ముద్ద కలుపుతూ ఆ మాటను నోట్లో ఒకటికి రెండుసార్లు తిప్పుకుంది. "అయితే అంతసేపూ నువ్వు ఖాళీగానే ఉన్నావన్నమాట!"

కోపంగా అన్న మాట కాదు. పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు, సంబరంగా అంది. పాపం, ఆ సంబరం నిజమైనదే. ఎందుకంటే మర్నాటి నుంచి టకటక వినబడటమే ఆలస్యం, గోడ అవతల నుంచి పిలుపు. "అమ్మాయీ, ఖాళీయేగా, ఆ కిటికీ కాస్త వెయ్యి." ఆమె ఖాళీ అన్న కబురు ఆయనకూ చేరింది. "నువ్వు ఎలాగూ కూర్చునే ఉన్నావు కదా, నా చార్జర్ ఎక్కడుందో చూడు." పిల్లకూ చేరింది. "అమ్మా, ఒక్క నిమిషం." కూర తరుగుతోందని అత్తగారు అనుకున్నంతకాలం ఆమె జోలికి ఎవరూ రాలేదు. పాటంటే ఖాళీ అని తేలిన రోజు నుంచి ఆమె ఊరందరి సొత్తయింది. హెడ్‌ఫోన్లు ఉన్నా, వచ్చి భుజం తట్టడం అందరికీ తెలుసు.

పిలిచినప్పుడల్లా లేవడం, వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం. దాంతో ఏమైందంటే, మొదటి పేజీ ఆమెకు నిద్రలో కూడా వచ్చేసింది, మూడో పేజీ తర్వాత ఏముందో ఆమె వేళ్లకు తెలియనే తెలియదు. ఇలాగైతే ఈ జన్మలో గంట మోగదని అర్థమైంది. ఒకరోజు కూర్చుని కాగితాల కట్ట తిరగేసింది. చివరి పేజీ తీసి ముందు పెట్టుకుంది.

వాళ్లు పిలిచేలోపు ముగింపు వాయించేసింది. మర్నాడు దాని ముందు వరస, అక్కడి నుంచి ముగింపుదాకా. ఆ మర్నాడు దానికీ ముందుది. అలా వెనక నుంచి ముందుకు జరుపుకుంటూ వచ్చింది. దీంట్లో ఒక సుఖం ఉందని ఆమె కనిపెట్టింది. తెలియని చోట మొదలై తెలిసిన చోటికి చేరుతుంది దారి. వెళ్లేకొద్దీ ఇల్లు దగ్గర పడుతున్నట్టు ఉంటుంది. ఎవరైనా మధ్యలో పిలిచినా ఈసారి పోయేది మొదలు కాదు. పోనీలే, ముగింపు నా దగ్గరే ఉంది అనుకుని కిటికీ వేసి వచ్చేది. ముగింపు చేతిలో ఉన్న మనిషి నడకే వేరు. కిటికీ వెయ్యమంటే కోడలు కూనిరాగం తీస్తూ వస్తోందేమిటా అని అత్తగారు వింతగా చూసేది.

ఎట్టకేలకు వెనక నుంచి వచ్చిన పాట, ముందు నుంచి వచ్చిన పాట గంట దగ్గర కలుసుకున్నాయి. ఎడమచెయ్యి పాడింది. తడబడింది, రెండుచోట్ల పక్కింటి మీట తొక్కింది, కానీ పాడింది. ఇక మిగిలింది ఒక్కటే. మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా ఆగకుండా, ఒకే ఒక్కసారి. ఆ కాసిని నిమిషాలూ ఆమెకు కావాలి. ఇంత పాట నేర్చుకుని దాన్ని ముక్కలుగానే తెలుసుకుని పోవడం ఆమెకు ఇష్టం లేదు.

అందుకని అడిగింది. "ఆదివారం పొద్దున్న ఒక్క పది నిమిషాలు నన్నెవరూ పిలవకండి."

"ఓ, దానికేం భాగ్యం!" అన్నాడు ఆయన. అత్తగారు తలూపింది. పిల్ల తలుపు మీద 'నిశ్శబ్దం' అని బోర్డు రాసి, పక్కన గంట బొమ్మ కూడా వేసింది.

ఆ ఆదివారం, రెండో పేజీలో, "పిలవడం కాదు గానీ, ఒక్క మాట" అంటూ అత్తగారు పిలిచింది. మరుసటి ఆదివారం పిల్ల వచ్చి, బోర్డు రాలిపోతోంది, జిగురు ఎక్కడుందని అడిగింది. ఇంకో ఆదివారం ఆయన వేళ్ల మీద నడుచుకుంటూ వచ్చి, చెవి దగ్గర గుసగుసగా, "నువ్వు కానీ. నేనేం డిస్టర్బ్ చెయ్యను. పంచదార ఏ డబ్బాలో?" అన్నాడు.

ఆమెకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వి, పంచదార డబ్బా చూపించి, వచ్చి కూర్చుని తన చేతుల్ని చూసుకుంది. పిలిచేది వాళ్లే, నిజమే. కానీ మీటల మీద నుంచి ఈ చేతుల్ని ఎత్తుతున్నది ఎవరు? ఆయన వచ్చి ఎత్తలేదు. అత్తగారు గోడ అవతల నుంచి ఎత్తలేదు. పిలుపు చెవిన పడీ పడకముందే, ఎందుకు పిలిచారో తెలియకముందే, చేతులు వాటంతటవే పైకి లేస్తున్నాయి. ఇన్నేళ్ల అలవాటులో అవి తన మాట కంటే పిలుపు మాట బాగా వింటున్నాయి. ఇల్లు అంటుకుంటే వీళ్లు ఎలా పిలుస్తారో ఆమెకు తెలుసు, షాంపూ అయిపోతే ఎలా పిలుస్తారో కూడా తెలుసు. ఆ రెంటికీ ఒకేలా లేచేది మాత్రం తను.

తర్వాతి ఆదివారం ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. టిఫిన్లయ్యాయి. ఆయన స్నానానికి వెళ్లాడు. ఆమె పియానో మీది బట్టలన్నీ తీసి మంచం మీద కుప్పగా పడేసింది, మడతపెట్టకుండానే. హెడ్‌ఫోన్ల తీగ లాగి పక్కన పెట్టింది. శబ్దం పెంచింది. మొదలుపెట్టింది.

మొదటి పేజీ నీళ్లలా పోయింది. రెండో పేజీలో గోడ అవతల నుంచి "అమ్మాయీ" అని వినబడింది. చేతులు లేవబోయాయి. లేవనివ్వలేదు. ఆ ఒక్క క్షణం తప్పు చేస్తున్నట్టు చెంపలు కాలాయి. తర్వాతి క్షణం ఏమీ కాలేదు. ఇల్లు ఉన్నచోటే ఉంది. "అమ్మా, నా బ్లూ టాప్?" వేళ్లు ముందుకే వెళ్లాయి. బాత్‌రూమ్ నుంచి, "ఇదిగో, తువ్వాలు మర్చిపోయాను! తువ్వాలు!" అది ఏ పిలుపో ఆమెకు తెలుసు. సరిగ్గా అప్పుడే గంట దగ్గరికి వచ్చింది. కుడిచెయ్యి పైన తుంపర్లు చల్లుతుంటే, కింద ఎడమచెయ్యి, ఏ గిన్నే పట్టుకోని ఎడమచెయ్యి, నెమ్మదిగా, నిండుగా పాడటం మొదలుపెట్టింది. ఒకచోట తప్పింది. తప్పును అక్కడే వదిలేసి ముందుకు వెళ్లింది. అక్కడి నుంచి అన్నీ తెలిసిన దారులే.

చివరి మీట మీద వేలు అలాగే ఉంచి, శబ్దం పూర్తిగా సద్దుమణిగాక తల ఎత్తింది. గుమ్మంలో అత్తగారు, చేతికర్ర మీద వాలి. మోకాళ్ల నొప్పితో అక్కడిదాకా ఎప్పుడు నడిచి వచ్చిందో. పక్కన నోరు తెరిచిన పిల్ల. వాళ్ల వెనక ఆయన, ఒళ్లంతా నీళ్లు కారుతూ, చేతులు తుడుచుకునే చిన్న గుడ్డ ఒకటి నడుముకి చుట్టుకుని, అది జారిపోకుండా రెండు చేతులతోనూ పట్టుకుని.

"కూరలో ఇంత ఉందా!" అంది అత్తగారు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత వెనక్కి తిరిగి కొడుకుని చూసి, "ఒరేయ్, ముందెళ్లి బట్టలు కట్టుకోరా" అంది.

ఆయన కదల్లేదు. ఆయన మొహంలో కోపం లేదు, నిజంగానే అర్థంకాని ఆశ్చర్యం ఉంది.

"ఇంతసేపటి నుంచి గొంతు చించుకుని పిలుస్తున్నాను. నీకు వినిపించలేదా?"

ఆమె ఆయన వైపు తిరిగి, ఇల్లంతా వెలిగేలా నవ్వింది.

"వినిపించింది" అంది.