పరీక్ష చేయించని స్కీలు

"నూట నలభై డాలర్లా? మిరెక్, నేను స్కీలు బాగుచెయ్యమన్నాను గానీ కొత్తవి అమ్మమనలేదు," అంది రోవెనా.

మంచుకొండల కింద, జిందబైన్ సరస్సు ఎదుట, మిరెక్ హలూపా మంచు మీద జారడానికి కాళ్ళకు తొడిగే స్కీల దుకాణం నడుపుతున్నాడు. వాళ్ళ నాన్న ఆనకట్ట పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. మిరెక్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"అంచులు సాన పట్టాలి, అడుగున మైనం వెయ్యాలి, బైండింగులు మిషను మీద పెట్టి చూడాలి. మా దుకాణం అద్దె నువ్వు కడతావా? లేక బీమా కంపెనీవాడు నీకు బాబాయా?"

"సాన, మైనం వద్దులెండి. ఆ పరీక్ష ఒక్కదానికీ?"

"నలభై ఐదు."

"మీ మిషను బంగారంతో చేయించారా ఏం?"

"మంచు పడేది మూణ్ణెల్లు, అమ్మాయ్. తక్కిన తొమ్మిది నెలలు నా దుకాణంలో ఈగ కూడా వాలదు."

రోవెనా స్కీలు భుజాన వేసుకుని బయటికి వచ్చేసింది. ఆమె బడి బస్సు నడుపుతుంది. ఆ వారమే కారు టైర్లు జేబు ఖాళీ చేశాయి. కూతురు టిల్లీకి పద్నాలుగో ఏడు, త్వరలో బడిపిల్లల స్కీ పందెంలో దిగబోతోంది. దాని పాత బూట్లు బిగుతైపోతే, స్కీ క్లబ్బులో ఎవరో వాడిన జత రోవెనా కొంది. బూటు మారిందంటే దాన్ని స్కీకి పట్టి ఉంచే బైండింగునూ సరిచెయ్యాలి. అది మరీ బిగుసుకుంటే, మనిషి పడ్డప్పుడు బూటు ఊడిరాదు. స్కీతో పాటు కాలూ మెలి తిరుగుతుంది. ఈ ఊళ్ళో అది తెలియనివాళ్ళు ఉండరు.

పెట్రోలు బంకు వెనక వ్యానులో డార్సీ అనే కుర్రాడు మొత్తం పని ముప్పై డాలర్లకే చేస్తాడు. సాన పట్టి, మైనం వేసి, మడమ బిగింపును కొత్త బూటుకు తగ్గట్టు జరిపి ఇచ్చాడు.

"కళ్ళతో చూసి బిగించానక్కా. పరీక్షించే మిషను నా దగ్గర లేదు. పందేనికి ముందు మిరెక్ దగ్గర ఒకసారి పెట్టించు," అన్నాడు.

అలాగేనని తలూపింది రోవెనా. ఇంటికి వచ్చాక టిల్లీ, "బైండింగులు చూపించావా అమ్మా?" అని అడిగితే, "అన్నీ అయిపోయాయి," అంది. పందెం లోపు వెళ్ళొద్దామనే అనుకుంది. కానీ వెళ్ళలేదు.

బడిపిల్లల పందెం రోజున కొండ మీద మంచు రాత్రికి రాత్రే గడ్డకట్టి గాజులా మెరుస్తోంది. అలాంటి మంచు మీద పడితే ఆగడం ఉండదు. మొదటి నలుగురూ రాష్ట్ర పోటీలకు వెళతారు. ఆ నలుగురిలో టిల్లీ ఉంటుందని కోచ్‌కి గట్టి నమ్మకం.

కార్లు ఆపేచోట మిరెక్ ఎదురయ్యాడు. పందెం దారిలో మలుపులు చూపే గేట్ల కర్రలు పాతడానికి ఏటా వస్తాడు. కారుకు ఆనించిన టిల్లీ స్కీల వైపు చూసి ఆగిపోయాడు.

"ఎవరు బిగించారివి?"

"డార్సీ. ఏం, ఇక్కడా బిల్లు వేస్తారా?"

మిరెక్ నవ్వలేదు. వంగి, మడమ బిగింపులో వేలు పెట్టి చూశాడు. "మిషను మీద పెట్టారా?"

టిల్లీ అప్పటికే స్నేహితురాళ్ళతో ముందుకు వెళ్ళిపోయింది. రోవెనా గొంతు తగ్గించి, "లేదు. బాగానే ఉన్నాయి కదా?" అంది.

"కంటికి బాగానే ఉన్నాయి. కానీ కంటితో చూసి బాగున్నాయని నేననను, బాగా లేవనీ అనను. మిషను కింద ఊళ్ళో ఉంది. వెళ్ళి వచ్చేసరికి పందెం అయిపోతుంది."

"మరి ఇప్పుడెందుకు చెప్పడం? నన్ను భయపెట్టడానికా?"

"నువ్వే అడిగావమ్మా," అని మిరెక్ గేట్ల కట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

రోవెనా టిల్లీ స్కీలు దానికిచ్చి, తనవి తొడుక్కుని కొండ మధ్యలో, వలకట్టు పక్కన నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే దూసుకొస్తున్నారు. బెగా ఊరి నుంచి వచ్చిన ఓ పిల్ల మలుపులో కాలు జారి పడింది. పడగానే స్కీ ఊడి ఎగిరిపోయింది. ఆ పిల్ల వల దాకా జారి, లేచి, మంచు దులుపుకుని ఏడుస్తూ నవ్వింది. జనం చప్పట్లు కొట్టారు. రోవెనా చేతులు కదల్లేదు. ఊడకపోయి ఉంటే? ఆ ఒక్క మాటే ఆమె చెవుల్లో గింగురుమంటోంది.

మరుక్షణంలో కొండ కింద లిఫ్టు ఎక్కేచోటికి జారుకుంటూ దూసుకెళ్ళింది. లిఫ్టు కుర్చీ మెల్లగా, నత్తలా ఎక్కుతోంది. మైకులో పేర్లు వినబడుతున్నాయి. లిఫ్టు దిగేలోపే టిల్లీకి ముందున్న పిల్ల పేరు వినబడింది.

పైకి చేరేసరికి టిల్లీ బయలుదేరే గేటులో నిలబడి ఉంది. కర్రలు మంచులో గుచ్చి, ముందుకు వంగి ఉంది.

"టిల్లీ! ఆగు! బయటికి రా!"

గేటు దగ్గరి మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు పక్కకి జరగండమ్మా. లెక్క మొదలవుతోంది."

"మొదలుపెట్టకండి. అది దిగదు."

టిల్లీ వెనక్కి తిరిగింది. "అమ్మా, నీకేమైంది? అందరూ చూస్తున్నారు!"

"బైండింగులు పరీక్ష చేయించలేదు."

"చేయించానన్నావుగా!"

"అబద్ధం చెప్పాను. డబ్బుకి చూసుకున్నాను."

ఆ గేటు చుట్టూ ఉన్న పదిమందీ ఇటు తిరిగారు. టిల్లీ ముఖం ఎర్రబడింది. "ఏం కాదు, నేను వెళతాను," అని మళ్ళీ ముందుకు వంగింది. రోవెనా అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి దూరి, దాని జబ్బ పట్టుకుంది. టిల్లీ విదిలించింది. ఆమె వదల్లేదు. ఇక చేసేది లేక గేటు మనిషి తరువాతి పేరు పిలిచాడు.

సాయంత్రం మిరెక్ దుకాణం తలుపు తీసి, ఏమీ అడగకుండానే స్కీలను బూట్లతో సహా మిషనుకు బిగించాడు. మీట తిప్పాడు, ముల్లు కదిలింది, బూటు టక్కున ఊడింది. రెండో వైపు తిప్పాడు. మళ్ళీ ఊడింది. ఇంకో స్కీ కూడా అంతే.

"రెండూ సరిగ్గానే ఉన్నాయి. డార్సీ చెయ్యి మంచిదే," అన్నాడు.

టిల్లీ తల్లి వైపు చూడనైనా చూడలేదు. తలుపు తోసుకుని బయటికి వెళ్ళి కారులో కూర్చుంది.

రోవెనా నలభై ఐదు డాలర్లు బల్ల మీద పెట్టింది. వద్దంటాడేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది. మిరెక్ తీసుకుని గల్లాపెట్టెలో వేశాడు. "నాకూ కూతురుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలీదు. నన్నడక్కు," అన్నాడు.

రాష్ట్ర పోటీలకు వేరే నలుగురు వెళ్ళారు. టిల్లీ ఇంట్లో అవసరమైన మాట తప్ప మాట్లాడటం మానేసింది. రోవెనా దానికిష్టమైన లామింగ్టన్ కేకులు చేసింది. దొంతర దొంతరలాగే ఉండిపోయింది.

ఒక రోజు పొద్దున బడి బస్సు మొదటి మలుపు తిరిగాక, టిల్లీ వెనక సీటు వదిలి డ్రైవరు వెనకాల వచ్చి కూర్చుంది.

"ఆ రోజు నువ్వు కొండ పైకి రాకపోయుంటే నేను పందెంలో దిగిపోయేదాన్ని. ఏమీ అయ్యేది కాదు. అప్పుడు నాకు ఎప్పటికైనా చెప్పేదానివా?"

ముందున్న దారంతా తెల్లటి మంచుపొర. రోవెనా వేగం తగ్గించింది. అద్దంలో కూతురి కళ్ళు తన మీదే ఉన్నాయి.

"చెప్పేదాన్ని కాదు," అంది.

"నా కోపం అందుకే. పందెం పోయినందుక్కాదు."

"తెలుసు."

"తెలిస్తే సరే," అని టిల్లీ సంచీ ఒళ్ళో పెట్టుకుని, బడి వచ్చేదాకా అక్కడే కూర్చుంది.