కరపత్రం కింద పేరు

"దాని కింద నా పేరే వెయ్యమను. నీ పేరుతో వేస్తే చదివేదెవరు?"

ఆయన ఆ మాట అన్నప్పుడు నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు తిరగేసి రెండో వైపు కూడా రుద్ది, చొక్కాని హ్యాంగరుకి తగిలించి, "సరే" అన్నాను. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నేను అన్న సరేలన్నీ పోగేస్తే ఒక బీరువా నిండుతుంది. మిగతావన్నీ ఎప్పుడో మర్చిపోయాను. ఇదొక్కటే చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

నేను గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటరు దగ్గర పని చేస్తాను. ఆయన కాలేజీలో సాహిత్యం చెప్తారు. "మా ఇంట్లో పుస్తకాలు మోసేది ఆవిడ, చదివేది నేను" అని స్నేహితులతో అంటూ ఉంటారు. వాళ్ళు నవ్వుతారు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్తాను. నిజానికి చదివేది నేనే. బస్సులో, అన్నం ఉడుకుతుండగా, స్నానాల గది బయట మా అత్తగారి కోసం తువ్వాలు పట్టుకుని నిలబడ్డప్పుడు. అన్నీ ప్రేమ నవలలే. వాటికి పాత వార్తాపత్రిక అట్ట వేసి సంచి అడుగున పెట్టేదాన్ని. "పుస్తకం చేతికొస్తే పొయ్యి మీద పాలు గుర్తుండవే నీకు" అని అత్తగారు చివరిదాకా అంటూనే పోయారు. ఆవిడ బతికుండగా పాలు పొంగింది రెండే సార్లు. అందులో ఒకసారి ఆవిడే పొంగించారు.

మా గ్రంథాలయంలో ప్రేమ నవలల అర మెట్ల కింద ఉంటుంది. అక్కడ లైటు కూడా సరిగ్గా వెలగదు. అయినా ఎక్కువ అరిగిపోయినవి ఆ అరలోని పుస్తకాలే. ఆడవాళ్ళు నేరుగా వచ్చి తీసుకుంటారు. మగవాళ్ళు మాత్రం చరిత్ర, రాజకీయం, తోటపని అన్నీ చుట్టి, చివరికి మెట్ల దగ్గరికొచ్చి, "మా ఆవిడ తెమ్మందండీ" అంటారు. ఒక పళ్ళ డాక్టరు అలా నెలకి నాలుగు తీసుకెళ్తాడు. వాళ్ళావిడ పేజీ గుర్తు కోసం పెట్టుకున్న కాగితం ఓసారి లోపలే ఉండిపోయింది. చూస్తే గడ్డం గీసుకునే బ్లేడు కవరు. మర్నాడు ఆ కవరు అతనికిచ్చి, "మీ ఆవిడగారిది" అన్నాను. మనిషి చెవులదాకా ఎర్రబడిపోయాడు. ఆ వారం ఇంకో రెండు ఎక్కువ తీసుకెళ్ళాడు.

ఇలాంటి వాళ్ళకి దారి చూపించడం నాకిష్టమైన పని. అపరాధ పరిశోధనలు చదివేవాళ్ళకి, ఉత్తరం తప్పిపోయిన కథ ఇస్తాను. ప్రేమంటే ఏడుపే కదా అనేవాళ్ళకి, మొదటి పేజీ నుంచీ ఇద్దరూ పోట్లాడుకునేది ఇస్తాను. అది చూసి మా పెద్ద లైబ్రేరియన్ ఒకరోజు, "ఇవన్నీ కాగితం మీద పెట్టండి మేడమ్. ప్రేమ నవలలు కొత్తగా చదివేవాళ్ళ కోసం, ముఖ్యంగా మగవాళ్ళ కోసం. కరపత్రంలా వేద్దాం" అన్నారు.

మూడు వారాలు రాశాను. భోజనాల బల్ల తుడిచాక దాని మూల మీద, బస్సులో ఒళ్ళో సంచి పెట్టుకుని దాని మీద. పన్నెండు నవలల గురించి, ఒక్కోదానికి నాలుగైదు వాక్యాలు. ముందు కొంచెం ధైర్యం. "చివరికి ఇద్దరూ కలుస్తారని తెలిసీ ఎందుకు చదవాలంటారా? ఇంటికి చేరతామని తెలిసే రోజూ బయల్దేరుతున్నాం. ముప్పై పేజీలు చదివినా మనసు పట్టకపోతే మూసెయ్యండి, ఎవరూ అడగరు. మగవాళ్ళకి ఒక మాట. కథలో అతను ఆమెతో ఏమన్నాడో వదిలెయ్యండి. ఆమె మాట్లాడుతున్నప్పుడు అతను ఏం చేస్తున్నాడో చూడండి." అన్నిటికీ చివర, "పుస్తకం మూశాక, మీ ఇంట్లో ఉన్న మనిషి వైపు ఒకసారి చూడండి" అని రాశాను.

అదంతా ఊళ్ళోవాళ్ళ కోసమే రాశానని చెప్తే అబద్ధం. ఆ రెండు పేజీలూ ఒకే ఒక్క మగవాడు చదవాలని రాశాను.

పెళ్ళయిన కొత్తలో ఆయనకి ఒక నవల ఇచ్చాను. గడియారాలు బాగుచేసే ఒకతనూ, చెవులు సరిగ్గా వినపడని ఒక టీచరూ. ఆమె పెదవుల కదలిక చూసి మాట తెలుసుకుంటుంది. అందుకని అతను ఏ పనిలో ఉన్నా, చేతిలో ఎంత చిన్న చక్రం ఉన్నా దాన్ని పక్కన పెట్టి, ఆమె వైపు తిరిగే మాట్లాడతాడు. నవలంతా ఇంతే. "ఇది నాకిష్టం, మీరు చదువుతారా?" అని అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ సాయంత్రం స్నేహితులొచ్చారు. ఆయన ఆ పుస్తకం తెచ్చి, గొంతు సన్నగా చేసి, చేతులు తిప్పుతూ రెండు పేజీలు చదివారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. గుమ్మం దగ్గర ట్రే పట్టుకుని నేనూ నవ్వాను. ఆయన చదవడం కన్నా నేను నవ్వడమే నన్ను ఇప్పటికీ కోస్తుంది. ఆ నవ్వుతో ఆయనకి ఒక సంగతి తేటతెల్లం చేశాను. ఈమెకి ఇష్టమైన దాన్ని ఈమె ముందే పరిహాసం చెయ్యొచ్చు, ఈమె కూడా మనతో కలుస్తుంది అని. తర్వాత ఏ పుస్తకమూ ఆయన చేతిలో పెట్టలేదు.

కరపత్రం చదివి పెద్ద లైబ్రేరియన్ చాలా మెచ్చుకున్నారు. మెచ్చుకుని, "కింద సార్ పేరు వేస్తే బరువుంటుంది మేడమ్. మగవాళ్ళ కోసం కదా, మగవాడు చెప్తే నమ్ముతారు" అన్నారు. ఇంటికొచ్చి ఆయనకి ఇచ్చాను. ఒప్పుకోరని అనుకున్నాను. ఒప్పుకోకూడదని కోరుకున్నాను కూడా. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఐదు నిమిషాలు చూశారు. "భాష మరీ వంటింటి భాషలా ఉంది" అని రెండు చోట్ల సమాసాలు దూర్చారు. చివరి వాక్యం కొట్టేశారు. "ఇదెందుకు, ఉపన్యాసంలా?" అన్నారు. కొట్టేస్తున్నప్పుడు ఆయన ఎదురుగానే ఉన్నాను. తల ఎత్తలేదు. ఆ తర్వాతే ఆ పేరు సంగతీ, నా సరే.

కరపత్రం అచ్చయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. చెట్టుకి వేరే పేరు తగిలిస్తే బాగానే పనికొచ్చింది. జనం వచ్చారు. వాళ్ళల్లో పని నుంచి రిటైరైన ఒక వెల్డరు కూడా ఉన్నాడు. చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. జేబులోంచి కరపత్రం తీసి, నా ముందు విప్పి, "ఈ సారు మొదట చెప్పింది ఇవ్వండమ్మా. నాకే" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో "నాకే" అన్న మొదటి మగవాడు. మొదట చెప్పింది గడియారాలతని కథ.

వారానికి తిరిగొచ్చాడు. "ఇందులో ఏమీ జరగలేదమ్మా" అన్నాడు.

"నచ్చలేదా?"

"ఏమీ జరగలేదు గానీ ఆపలేకపోయాను. అతను అలా తిరిగి మాట్లాడతాడు చూడండి... నేను మొన్న మా ఇంట్లో అట్లాగే చేశా. మా ఆవిడేదో చెప్తుంటే టీవీ కట్టేసి ఆవిడ వైపు తిరిగి కూర్చున్నా. ఆవిడకి భయమేసింది. 'ఏమైంది, డాక్టరేమన్నా చెప్పాడా?' అని నుదురు పట్టుకు చూసింది."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అతను నవ్వు ఆపి కరపత్రం కింద పేరు మీద వేలు పెట్టాడు. "ఈ సారు ఇంట్లో ఆవిడ ఎంత పెట్టిపుట్టిందో అమ్మా. ఇంత తెలిసిన మనిషితో కాపురం. ఆవిడ నోరు తెరవకముందే ఈయనకి తెలిసిపోతుందేమో."

నేను పుస్తకం మీద తేదీ ముద్ర వేశాను. ముద్ర వంకరగా పడింది. "అవునండీ, అదృష్టమే" అన్నాను. ట్రే పట్టుకుని నవ్విన ఆనాటి నవ్వే ఇంకోసారి నవ్వినట్టయింది.

నెల తర్వాత అతను ఒక ఉత్తరం తెచ్చాడు. "సారుకి చేర్చగలరా?" అన్నాడు. నాదని తెలిసిన ఉత్తరాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఆయనకిచ్చాను. ఆయన హాల్లో నిలబడి పైకి చదివారు.

"అయ్యా, నాకు చదువు తక్కువ. తప్పులుంటే మన్నించండి. మీరు చెప్పినవి ఐదు చదివాను. మా ఆవిడకి పాటలు పాడటం వచ్చని నాకు ఈ నెలలోనే తెలిసింది. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు. ఇన్నాళ్ళూ ఎందుకు పాడలేదంటే, నువ్వు ఇంట్లో లేనప్పుడు పాడుకునేదాన్ని అంది. ఆ మాటకి ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇప్పుడు గొంతు వణుకుతోంది, ముందులా రాదంటోంది. మీరు ఇంకా ముందే రాసుంటే బాగుండేది."

ఆయన గొంతులో ఒక తృప్తి. "చూశావా, సామాన్యుణ్ణి కూడా ఎలా పట్టుకుందో" అన్నారు. ఉత్తరం ఫైల్లో పెట్టుకుని, "జవాబు నువ్వే రాసెయ్. నీకు వాళ్ళ భాష వచ్చు" అని కాలేజీ పేపర్లు దిద్దుకోవడానికి కూర్చున్నారు.

నేను ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. చాలాసేపు చూశాను. వంచిన తల, పలచబడ్డ జుట్టు. చెడ్డ మనిషి కాదు. చెయ్యి చేసుకున్నదీ లేదు, పుట్టింటికి పొమ్మన్నదీ లేదు. అందుకే ఎవరికి చెప్పుకున్నా ఇది గోరంత విషయం. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత ఒక వెల్డరు వాళ్ళావిడ వైపు తిరిగాడు. నా ఇరవై ఆరేళ్ళు ఆయన వంచిన తలకేసి చూస్తూ గడిచాయి. ఆ తల ఎత్తమని నేను వినపడేంత గట్టిగా ఒక్కసారైనా అడిగానా? ఆయన చెయ్యనిదానికి ఎంత బాధో, నేను అడగనిదానికీ అంతే.

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండా జవాబు రాశాను.

"అయ్యా, మీ ఉత్తరం అందింది. ఆ కరపత్రం రాసింది నేను, పుస్తకాలిచ్చే కౌంటరులో కూర్చునే మనిషిని. కింద పేరున్న సారు నా భర్త. ఆయన ఆ పన్నెండు నవలల్లో ఒక్కటీ చదవలేదు. మీరు పెట్టిపుట్టిందన్న ఆవిడ నేనే. ముందే రాసుంటే బాగుండేదన్నారు. ముందే రాయాల్సింది, నా పేరుతో రాయాల్సింది. మీ ఆవిడగారిని వణికే గొంతుతోనే పాడమనండి."

రెండో ముద్రణకి వెళ్ళాల్సిన ప్రతి మీద ఆయన పేరు కొట్టేసి, నా పేరు రాసి, చివరి వాక్యం తిరిగి చేర్చి, పెద్ద లైబ్రేరియన్ బల్ల మీద పెట్టాను. లైబ్రేరియన్ నసిగారు. నేను అక్కడే నిలబడ్డాను. చివరికి సంతకం పెట్టారు. సాయంత్రం ఇంట్లో చెప్పాను. "ఇంత చిన్న విషయానికా?" అన్నారు మా ఆయన. "చిన్నదేనండీ. అందుకే తీసేసుకున్నాను" అన్నాను. ఆ రోజు కాఫీ తనే కలుపుకున్నారు.

వెల్డరు నా ఉత్తరం కౌంటరు దగ్గరే నిలబడి చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివాడు. వెనక మనుషులు ఆగారు. అతను నా వైపు సరిగ్గా తిరిగి నిలబడ్డాడు.

"సారుకి ఇప్పుడైనా ఒకటి ఇవ్వొచ్చు కదమ్మా. నేను అరవై రెండేళ్ళకి మొదలెట్టాను."

"మీరు వచ్చి అడిగారు. అడిగినవాళ్ళకే పుస్తకం చెప్పడం నా పని. ఆయన అడగలేదు" అన్నాను. "ఇక నేను ఎదురుచూడటం లేదు."